మా పద్నాలుగు రకాల బొత్తాం గవ్వలు: పేర్లు చెప్పగలరా?

భీమిలి టైలరమ్మ

నమస్కారమండి. నేను భీమిలిలో లేడీస్ టైలర్ని. బొత్తాల గురించి అడిగితే గంట మాట్లాడతాను గానీ గవ్వల గురించి నాకేమీ తెలీదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది, ‘మన తీరంలో దొరికే నత్తగుల్లలు’ అని టాపిక్ తీసుకుంది. టాపిక్ తనది, టెన్షన్ నాది.

మూడు ఆదివారాలు పొద్దున్నే నీళ్లు వెనక్కి తగ్గిన టైం చూసుకుని వెళ్లాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు నుంచి ఉత్తరంగా కిలోమీటరు దాకా వంగుని ఏరడమే. పెద్దవి ఏవీ దొరకలేదు, అవి దండలమ్మేవాళ్లు తెల్లారకముందే పట్టుకుపోతారు. మాకు దొరికినవన్నీ చిన్నవే. టేపు పెట్టి కొలిచాను, సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ, సరిగ్గా చొక్కా బొత్తామంత. ఆకారం కూడా అంతే. బల్లపరుపుగా, మధ్యలో కొంచెం ఉబ్బి, కొత్త బొత్తాంలా నిగనిగలాడుతుంటాయి.

ఇంటికొచ్చి కడిగి నా గళ్ల డబ్బాలో సర్దాను. బొత్తాలు ఎలా సర్దుతానో అలాగే. తెల్లవి ఒక గడి, లేత గులాబీవి ఒక గడి, బూడిద రంగువి, ఇటుక రంగువి, కాఫీ రంగువి, తెలుపు మీద కాఫీ గీతలవి, అదే గీతలు వంకరటింకరగా ఉన్నవి, చుక్కలవి, చుట్టూ ఒకే పట్టీ ఉన్నవి, ఇలా మొత్తం పద్నాలుగు గళ్లు నిండాయి. పద్నాలుగోది వెండి రంగు, అవి రెండే ఉన్నాయి. కొన్నిటికి ఒక్కటే బెజ్జం ఉంది. ఎవరో దండ గుచ్చడానికి పొడిచి పారేసినట్టున్నారు.

పైనుంచి తీసిన ఫొటోలు పెట్టాను. పద్నాలుగింటికీ సైన్సు పేర్లు కావాలి. వచ్చే శనివారం లోపల చెప్తే పుణ్యముంటుంది.

ఇసుకతోట బాబ్జీ

అక్కా, ఫోన్ యాప్‌లో మీ ఫొటోలు పెట్టి చూశాను. మొదటిదానికి ఒక పేరు, రెండోదానికి ఇంకో పేరు, మళ్లీ మొదటిది తిప్పి పెడితే మూడో పేరు. ‘గవ్వలు’ అని రాసేయండి, ఎగ్జిబిషన్‌కి వచ్చేవాళ్లకి అది చాలు.

రిటైర్డ్ జువాలజీ, కాకినాడ

బాబ్జీ, చాలదు నాయనా. గవ్వ అంటే గవ్వే, పచ్చీసు ఆడేది. ఇది వేరే కుటుంబం.

అమ్మా, మీరు పద్నాలుగు గళ్లలో పెట్టిన వాటిలో ఎక్కువ భాగం ఒకే జాతి అని నా నమ్మకం. పేరు ఉంబోనియం వెస్టియేరియం. మీ వృత్తికి తగ్గ పేరే, వెస్టియేరియస్ అంటే లాటిన్‌లో బట్టలకి సంబంధించినది. 1758లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీన్ని ట్రోకస్ అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెట్టాడు. తరవాతివాళ్లు ఉంబోనియంలోకి మార్చారు. అందుకే పుస్తకాల్లో ‘లిన్నేయస్, 1758’ అన్నది బ్రాకెట్లలో కనిపిస్తుంది. పేరు పెట్టినవాడు మొదట పెట్టిన ఇల్లు అది కాదు, తరవాత మారింది అని ఆ బ్రాకెట్లకి అర్థం. అమ్మాయి చార్టు మీద వాటిని వదిలెయ్యకండి.

ఈ నత్తకి రంగు ఒక లెక్క కాదు. ఒకే చోట, ఒకే ఇసుకలో, పక్కపక్కనే ఒకటి తెల్లగా, ఒకటి గులాబీగా, ఒకటి గీతలతో ఉంటుంది. మనవాళ్ల కళ్లల్లో నల్లవీ తేనెరంగువీ ఉన్నట్టే. వెనకటికి సేకరించేవాళ్లు రంగుకో పేరు పెట్టి జాతులు పెంచేశారు, తరవాతివాళ్లు కూర్చుని కొట్టేశారు. మీరు చేసిన తప్పు పెద్దవాళ్లు చేసిందే కాబట్టి బాధపడకండి.

అయితే మీ ఫొటోలతో ఖాయం చేయలేను. అన్నీ పైనుంచి తీశారు. చిన్న నత్తగుల్లని పైనుంచి చూసి పేరు చెప్పడమంటే జాకెట్ వీపు చూసి మెడ డిజైన్ చెప్పమన్నట్టు. బోర్లా తిప్పండి. గుల్ల ఏ స్తంభం చుట్టూ తిరిగిందో దాని అడుగున గుంట ఉంటుంది, దాన్ని బొడ్డు అంటాం. ఉంబోనియంకి ఆ బొడ్డు మీద మైనం కరిగించి పోసినట్టు నున్నటి బిళ్ల ఉండి, గుంటని పూర్తిగా మూసేస్తుంది. అది ఉందా లేదా చూడండి. నోరు చూడండి, అంచు పూర్తిగా ఉందా విరిగిందా. గుల్ల పైకొనను భూతద్దం పెట్టి చూడండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య గీత లోతుగా ఉందా పైపైన ఉందా చూడండి. ఆ గీతకి మేం వాడే మాటకి లాటిన్‌లో అర్థం కుట్టు, మీకు చెప్పాలా!

ఇంకో పని. అమ్మాయిని కళ్లు మూసుకుని వేళ్లతో సర్దమనండి. సరదాకి చెప్పడం లేదు. గీరత్ వెర్మేయ్ అని ఒక శాస్త్రవేత్త ఉన్నారు, 1946లో నెదర్లాండ్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. మూడేళ్ల వయసులో చూపు పోయింది. సముద్రపు గుల్లల మీద ప్రపంచమంతా గౌరవించే పని వేళ్ల కొసలతోనే చేశారు. రంగు ఆయన్ని మోసం చేసే అవకాశమే లేదు.

బెజ్జం సంగతి: దండలవాళ్లు కాదు. అంచు గరాటులా లోపలికి వాలి ఉంటే మూన్ స్నెయిల్ పని. ఇసుకలో తిరుగుతూ ఇంకో నత్తని పట్టుకుని, కొంచెం ఆమ్లం రాసి, నాలుకతో గీకి, మళ్లీ ఆమ్లం రాసి, అలా తొలిచి లోపలి మాంసం తినేస్తుంది. అంచు నిటారుగా, డ్రిల్లు పెట్టినట్టు ఉంటే మాత్రం మ్యూరెక్స్ అనే ఇంకో నత్తల కుటుంబం వాళ్లని అనుమానించాలి.

చివరిగా, ఆ వెండి రంగువి రెండూ ఎక్కడ దొరికాయి? వాటికి యాసిడ్ ఏమైనా తగిలిందా?

సింగపూర్ నుంచి

మాస్టారు చెప్పింది నిజం. ఇక్కడ పులావ్ ఉబిన్ దీవిలో చెక్ జావా అనే చోట నీళ్లు తగ్గినప్పుడు ఇదే నత్త ప్రాణంతో కనిపిస్తుంది. మా అబ్బాయితో వెళ్లినప్పుడు అడుగు పెట్టడానికి భయమేసింది, అన్ని ఉన్నాయి. ఇసుకలో పైపైన కూరుకుని ఉంటాయి. వీటి చుట్టాలు రాళ్ల మీద పాచి గీక్కుని తింటే, ఇవి మాత్రం కూర్చున్న చోటే నీళ్లు లోపలికి పీల్చి అందులో తేలే సన్న పదార్థాన్ని వడకట్టుకుని తింటాయట. పక్కపక్కనే ఉన్న రెండింటికి ఒకే రంగు ఉండటం అరుదు. మా వాడు ‘జెమ్స్ బిళ్లలు’ అన్నాడు.

భీమిలి టైలరమ్మ

మాస్టారూ, మీరు పోలీసు డిపార్టుమెంటులో ఉండాల్సింది.

ఆ రెండూ బీచ్‌లో దొరకలేదు, మా బాత్రూంలో తయారయ్యాయి. పాచి వదలడం లేదని రెండు కాఫీ రంగువి బాత్రూం కడిగే యాసిడ్‌లో వేశాను. బుసబుస పొంగింది. తీసి చూస్తే రంగు పోయి లోపల నుంచి వెండి మెరుపు వచ్చింది. ఎంత బాగున్నాయో అనుకుని వేరే గడి ఇచ్చాను. నాలుగు రోజులకి నేనే ఆ సంగతి మర్చిపోయాను. పద్నాలుగో జాతిని నేనే పుట్టించానన్నమాట.

కళ్లు మూసుకుని సర్దే పని నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు చేశాం, గంతలు కట్టే పని కూడా తప్పింది. అమ్మాయి ఒక్కోటి తీసుకుని బోర్లా తిప్పి బొటనవేలితో బొడ్డు తడిమింది. నున్నటి బిళ్ల తగిలితే ఎడం పక్క, తగలకపోతే కుడి పక్క. పదమూడు గళ్లవీ కలిపి రెండొందల పైనే ఉన్నాయి. అన్నీ ఎడం పక్కకే వెళ్తున్నాయి. నాకు నిద్ర వస్తోంది. అప్పుడు ‘అమ్మా, దీని అంచు నా గోరుకి తగులుతోంది’ అంది.

కాఫీ గీతల గడిలోది అది. టార్చి వేసి చూశాను. పైనుంచి చూస్తే మిగతావాటి లాగే గుండ్రం, కాఫీ గీతలు. బోర్లిస్తే అసలు బిళ్లే లేదు. బొడ్డు తెరిచి ఉంది, లోపలికి మేడమెట్లు దిగినట్టు చుట్లు చుట్లుగా కొన దాకా కనిపిస్తోంది. ఆ గుంట అంచు చుట్టూ సన్నటి పూసలు, చీర అంచుకి పీకో చేసినట్టు, ఒక్క కుట్టు తప్పకుండా. నేను పదహారేళ్ల నుంచి పీకో చేస్తున్నాను, అంత సమంగా నాకు రాదు.

ఇలాంటివి రెండు దొరికాయి. కుడి పక్కకి వెళ్లిన ఇంకొకటి గుండ్రంగా, తెల్లటి ఒంటి మీద కాఫీ చుక్కలు. మరొకటి మూడు నాలుగు మిల్లీమీటర్లది, అరిగిపోయి సుద్దముక్కలా ఉంది. ఈసారి అడుగు వైపు ఫొటోలు పెట్టాను, పక్కన గ్రాఫ్ పేపరు కూడా.

బెజ్జాలు కూడా చూశాం. అన్నీ గరాటులాగే ఉన్నాయి. బెజ్జం ఉన్నవి పంతొమ్మిది.

రిటైర్డ్ జువాలజీ, కాకినాడ

పీకో! నలభై ఏళ్లు క్లాసులో చెప్పాను, ఒక్కరోజూ ఆ మాట తట్టలేదు నాకు.

అది ఆర్కిటెక్టోనికా పిల్ల. ఇంగ్లీషులో సన్‌డయల్ షెల్ అంటారు. ఇంత చిన్న వయసులో జాతి పేరు దాకా వెళ్లొద్దు, ‘ఆర్కిటెక్టోనికా ప్రజాతి’ అని ఆపండి. దాని కొనని భూతద్దం కింద పెట్టి చూడండి. పిల్లగా నీళ్లలో ఈదుతున్నప్పుడు దాని గుల్ల ఒక వైపు తిరుగుతుంది, అడుగుకి దిగాక రెండో వైపు తిరుగుతుంది. మొదటి చుట్టు తలకిందులుగా అతికించినట్టు కనిపిస్తుంది. చూడటానికి మీ బొత్తాంలా ఉంది గానీ చుట్టరికంలో దానికీ దీనికీ చాలా దూరం. వర్షాకాలంలో మన గోడల మీద పాకే నేల నత్తకే ఇది దగ్గర.

వైపుల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. కొన పైకి, నోరు మన వైపుకి పెట్టి పట్టుకున్నప్పుడు నోరు కుడి పక్క వస్తే సైన్సులో కుడిచుట్టు. మీ డబ్బాలోవన్నీ అవే. పూజలో ఎంతో విలువిచ్చే దక్షిణావర్త శంఖం మాత్రం ఈ లెక్కలో ఎడమచుట్టు అవుతుంది, ఎందుకంటే మనవాళ్లు కొన కిందికి పెట్టి చూస్తారు. ఎగ్జిబిషన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, సిద్ధంగా ఉండమనండి.

చుక్కలది పారాటెక్టోనాటికా టైగ్రీనా, పాత లేబుళ్ల మీద నాటికా టైగ్రీనా అని ఉంటుంది. మూన్ స్నెయిల్ అదే. పంతొమ్మిది హత్యలు, నిందితుల జాతివాడు ఒకడు అదే డబ్బాలో! బెజ్జాల గుల్లల పక్కన పెట్టించండి.

మీ వెండివి పారేయకండి. ఉంబోనియం లోపల ముత్యపు పొర ఉంటుంది, పై పొర కరిగి అది బయటపడింది. దీని దూరపు చుట్టం, అరచేయంత పెద్ద ట్రోకస్‌ని అండమాన్‌లో ఆ పొర కోసమే పట్టి బొత్తాలు కోసేవాళ్లు. నా చిన్నప్పుడు మా నాన్నగారి లాల్చీకి అలాంటివే ఉండేవి.

సుద్దముక్కకి పేరు పెట్టొద్దు. కొన అరిగింది, నోటి అంచు విరిగింది. పేరు చెప్పడానికి అవి ముఖ్యం. కుర్రతనంలో కోరంగి మడ అడవుల బురదలో నేను రెండు జాతులు కనిపెట్టానని సంబరపడ్డాను. ఒకదానికి నోటి అంచు పల్చన, ఇంకోదానికి మందంగా బయటికి విప్పారి ఉంది. మా గురువుగారు చూసి, ‘ఒకటి పిల్ల, ఒకటి తల్లి, ఇంటికెళ్లు’ అన్నారు. ఇప్పుడు దాన్ని పైరెనెల్లా సింగులేటా అంటున్నారు, అప్పట్లో సెరిథిడియా.

ప్రతి గడిలో చిన్న చీటీ ఉండాలి. ఎక్కడ, ఏ రోజు, ఎవరు ఏరారు. పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు వెలిసిపోతుంది. పేరు తప్పయినా తరవాత దిద్దుకోవచ్చు, చోటూ తేదీ పోతే మళ్లీ రావు.

ఇసుకతోట బాబ్జీ

అక్కా, ఎగ్జిబిషన్ ఎక్కడ? వస్తాను.

భీమిలి టైలరమ్మ

శనివారం అయిపోయింది బాబ్జీ, ఆలస్యంగా రాస్తున్నాను, పెళ్లి జాకెట్ల సీజను.

పద్నాలుగు గళ్లు అయిదయ్యాయి. మొదటి గడిలో అన్ని రంగులూ కలిపి పోసి ‘ఇవన్నీ ఒకటే’ అని రాసింది. వచ్చినవాళ్లు ఒప్పుకోలేదు. ఒకాయన పావుగంట వాదించాడు. అమ్మాయి ఆయన్ని కళ్లు మూసుకోమని రెండు చేతిలో పెట్టింది. మాస్టారూ, దక్షిణావర్త శంఖం గురించి అడిగింది వాళ్ల హెడ్‌మాస్టరే. యాసిడ్ గడి మీద ‘మా అమ్మ చేసినది’ అని రాసింది, వద్దన్నా వినలేదు. సుద్దముక్క చీటీలో పేరు ఖాళీగా ఉంచాం.

రిటైర్డ్ జువాలజీ, కాకినాడ

చోటు, తేదీ?

భీమిలి టైలరమ్మ

రాశామండి. పెన్సిల్‌తోనే. నా మార్కింగ్ చాక్‌తో రాస్తానంటే అమ్మాయి లాక్కుంది.