కామిక్ స్ట్రిప్‌ల నుంచి వచ్చిన సంగీత చిత్రాలు: పిల్లలకు ముందుగా ఏది వేయాలి?

ప్రశ్న – సాగరతీరం (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

ఈ వేసవి సెలవుల్లో మా అపార్టుమెంటు కమ్యూనిటీ హాలులో ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలకు సినిమాలు వేయాలని అనుకుంటున్నాము. పత్రికల్లో రోజూ వచ్చే కామిక్ స్ట్రిప్‌ల ఆధారంగా తీసిన సంగీత చిత్రాలతో మొదలుపెట్టాలన్నది నా కోరిక. ముందుగా బొమ్మల కథను చదివించి, ఆ పాత్రలే తెర మీద పాట ఎలా అందుకుంటాయో చూపిస్తే, పిల్లలకు చదవడం మీద, సంగీతం మీద ఒకేసారి ఇష్టం కలుగుతుందని నా నమ్మకం. వచ్చేవారు ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు. వారిలో నేవీ కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు బాగా వచ్చు గాని, జాలరిపేట నుంచి వచ్చేవారు ఇంగ్లీషు సంభాషణలను అంత వేగంగా అందుకోలేరు. ‘అనీ’, ‘పొపాయ్’, స్నూపీ చిత్రాలు నా మనసులో ఉన్నాయి. ఏది ముందు వేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూసినవారు తెలియజేయగలరు.

సమాధానం – సీతమ్మధార పాఠకురాలు

‘స్నూపీ కమ్ హోమ్’ (1972)తో మొదలుపెట్టండి. చార్లెస్ షుల్జ్ 1950లో ప్రారంభించిన ‘పీనట్స్’ స్ట్రిప్ నుంచి వచ్చిన యానిమేషన్ చిత్రమిది. పాటలు రాసినవారు షెర్మన్ సోదరులు. మీ పిల్లలకు ఇదే తగినదని నేను గట్టిగా చెప్పడానికి కారణం, కథానాయకుడైన కుక్క గాని, దాని వెంట నడిచే వుడ్‌స్టాక్ అనే పిట్ట గాని ఒక్క మాటైనా మాట్లాడకపోవడమే. స్నూపీ బీచికి వెళ్లినా, గ్రంథాలయానికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అన్న బోర్డు ఎదురవుతుంది, వెంటనే ఒక గంభీరమైన గొంతు ఆ మాటలనే పాడుతుంది. రెండోసారి బోర్డు కనిపించేసరికి, ఇంగ్లీషు రాని పిల్లలు సైతం ఆ గొంతుతో కలిసి పాడతారు. అయితే స్నూపీకి వీడ్కోలు చెప్పే సన్నివేశంలో అందరూ ఏడుస్తారు. చిన్నవాళ్ల పక్కన పెద్దవారెవరైనా కూర్చోవడం మంచిది.

సమాధానం – భీమిలి రోడ్డు

పై సూచన బాగుంది, కాని ‘పొపాయ్’ (1980)ను మాత్రం వదిలిపెట్టవద్దని మనవి. స్ట్రిప్ స్వభావాన్ని పాటలోకి అంత శ్రద్ధగా తెచ్చిన చిత్రం నాకు మరొకటి కనిపించలేదు. ఇ.సి. సెగార్ 1919లో మొదలుపెట్టిన ‘థింబుల్ థియేటర్’ అనే స్ట్రిప్‌లో మొదట ఉన్నది ఆలివ్ ఆయిల్ అనే యువతి కుటుంబం, పడవ నడపడానికి ఒక నావికుడు అవసరమై, పదేళ్ల తర్వాత 1929 జనవరిలో పొపాయ్ ఆ కథలోకి వచ్చి, మెల్లగా స్ట్రిప్‌ మొత్తాన్నీ తనదిగా చేసుకున్నాడు. సినిమాకు దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్, పాటలు హ్యారీ నిల్సన్‌వి. పొపాయ్‌గా రాబిన్ విలియమ్స్, ఆలివ్‌గా షెల్లీ డువాల్ నటించారు.

రోజుకు నాలుగైదు గడుల్లో కథ నడవాలంటే, పాత్ర కనిపించగానే అది ఎవరో, దాని బలహీనత ఏమిటో పాఠకుడికి తెలిసిపోవాలి. మన పద్యనాటకంలో పాత్ర రంగం మీదికి వస్తూనే తన సంగతి పద్యంలో చెప్పుకున్నట్టు, ఈ సినిమాలోనూ ప్రతివారూ తమ గుణాన్ని పాటగా విప్పుతారు. ఆలివ్ తనకు కాబోయే భర్త బ్లూటో గురించి స్నేహితురాళ్లకు గొప్పగా చెప్పబోతుంది. ఎంత ఆలోచించినా అతనిలో మెచ్చుకోదగ్గది ఆమెకు ఏదీ తోచదు, చివరికి ‘అతను చాలా పెద్ద మనిషి’ అని ఒంటి పరిమాణాన్నే పదే పదే పాడుతుంది. పెళ్లి ఇష్టం లేదన్న సంగతిని ఆమె ఒక్కసారి కూడా పైకి అనదు గాని, పదేళ్ల పిల్లకు కూడా అది అర్థమవుతుంది.

మరొక విషయం. ఈ సినిమా కోసం మాల్టా తీరంలో కట్టిన చెక్క ఊరు ఇప్పటికీ నిలిచి ఉంది, పర్యాటకులు వెళ్లి చూస్తున్నారు. ఓడలూ పడవలూ రోజూ చూసే మన ఊరి పిల్లలకు ఆ ఊరి ఫొటోలు కూడా తప్పకుండా చూపించండి.

సమాధానం – అక్కయ్యపాలెం ఉపాధ్యాయుడు

భీమిలి రోడ్డు వారు చెప్పిన గుణాలన్నీ నిజమే, కాని పొపాయ్ సగం మాటలు గొణుగుతాడు. ఇంగ్లీషు బాగా వచ్చిన పెద్దలకే అవి సరిగా వినిపించవు. పైగా పాలకూర అతని బలానికి మూలమని ఎదురుచూసే పిల్లలు, ఈ కథలో చాలాసేపు అతనికి అదంటేనే గిట్టదని తెలిసి నిరాశపడతారు. పూర్తి సినిమా పెద్దపిల్లలకే వేయడం మేలు.

‘అనీ’ సంగతికి వస్తే, హెరాల్డ్ గ్రే 1924లో మొదలుపెట్టిన ‘లిటిల్ ఆర్ఫన్ అనీ’ అనే అనాథ బాలిక కథా స్ట్రిప్‌లో పాత్రల కళ్లకు కనుపాపలు ఉండవు, రెండు ఖాళీ సున్నాలు మాత్రమే ఉంటాయి. సినిమా వేసే ముందు ఆ బొమ్మను పిల్లల చేతికిచ్చి, ఆ అమ్మాయి మనసులో ఏముందో ఊహించమని అడగండి. 1977లో ఇదే కథతో న్యూయార్కు బ్రాడ్‌వే రంగస్థలం మీద వచ్చిన సంగీత నాటకానికి చార్లెస్ స్ట్రౌస్ కట్టిన బాణీలు ఆ ఖాళీనే నింపాయని నా అభిప్రాయం. సినిమాల్లో 1982 నాటిది పెద్ద హంగులతో ఉంటుంది, కాని అందులో అనాథాశ్రమం నడిపే హానిగన్ తాగి తూలడం, చివర్లో పాప ప్రాణభయంతో రైలు వంతెన ఎక్కడం చిన్నపిల్లలకు బరువుగా ఉంటాయి. తలపాగా చుట్టుకుని మంత్రాలు వేసే ‘పంజాబ్’ అనే సేవకుడి పాత్ర కూడా అందులో ఉంది. భారతీయుణ్ని అలా చూపించడం సరికాదని పిల్లలకు ముందే చెప్పవలసి వస్తుంది. 1999లో రాబ్ మార్షల్ టెలివిజన్ కోసం తీసినది నిడివిలో చిన్నది, కథ సూటిగా సాగుతుంది, ఆ పాత్రా లేదు. మీ హాలుకు అదే ఎంచుకోండి. 2014 నాటిది కథను నేటి న్యూయార్కుకు మార్చింది కనుక, స్ట్రిప్‌తో పోల్చి చూపించడానికి అంతగా పనికిరాదు.

సాగరతీరం

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మొదటి ఆదివారం స్నూపీ, రెండో ఆదివారం 1999 నాటి ‘అనీ’ వేస్తాము. గ్రే గీసిన బొమ్మలను ముందురోజే పిల్లలకు పంచుతాను. ‘పొపాయ్’ను తొమ్మిదేళ్లు దాటినవారికి విడిగా వేసి, ప్రతి పాటకు ముందు ప్రొజెక్టర్ ఆపి దాని భావాన్ని తెలుగులో చెబుతాను. ఆలివ్ పాటను మాత్రం అందరికీ చూపిస్తాను.