తెరచాప ఓడ మీద చదువు చెప్పేది ఎవరు?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై):
తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి భారత నౌకాదళపు తెరచాప శిక్షణ ఓడ ఐఎన్ఎస్ తరంగిణి ఫొటో చూసినప్పటి నుంచి అదే ధ్యాస. ఇలాంటి ఓడల మీద శిక్షణ ఇచ్చేవారు ఉపాధ్యాయులా, నావికులా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
అమ్మా, ఇద్దరూ ఒక్కరే. 1997లో నౌకాదళంలో చేరిన తరంగిణికి కొచ్చి స్థావరం. 2003-04లో అది భూమిని చుట్టివచ్చింది. ఓడలో శాశ్వతంగా ఉండే అధికారులు, నావికులే శిక్షకులు. కేడెట్లు, అంటే అధికారులు కావడానికి శిక్షణ పొందేవారు, కొన్ని వారాలకు వచ్చి, మోకులు లాగుతూ, స్తంభమెక్కి తెరచాపలు చుడుతూ, రాత్రి కాపలాలో నక్షత్రాలను చూసి దిక్కు గుర్తిస్తూ నేర్చుకుంటారు. ఇంజను ఉన్నా చాపలతోనే నేర్పడానికి కారణముంది: గాలి మారిన క్షణంలో పదిమందీ ఒకే మాట మీద కదలకపోతే ఓడ దారి తప్పుతుంది.

జవాబు 2:
పై సమాధానానికి ఒక చేర్పు. అధికారి పాఠం చెప్పవచ్చు గాని, ఏ ముడి ఎంత బరువుకు జారుతుందో చూపించేది డెక్కు మీది సీనియరు నావికుడే. మా తాతగారు కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి ఓడల కబుర్లలో అలాంటి మనిషిని సరంగు అనేవారు. ఓడ యజమాని కంటే ఆయనకే ఎక్కువ భయపడేవారట.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. మరి స్తంభమెక్కేటప్పుడు పిల్లలకు రక్షణ ఏమిటి?

జవాబు 1:
నడుముకు బెల్టు కట్టి, తాడుకు కొక్కెం తగిలిస్తారు. ఆ కొక్కేన్ని శిక్షకుడు స్వయంగా పరీక్షించాకే పైకి పంపుతారు.