మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ప్రశ్నలు అడగనిచ్చే సంఘాలు ఉన్నాయా?

మెదక్ బిడ్డ:
ట్రాన్స్‌ఫర్ మీద మహబూబ్‌నగర్ వచ్చాం. నేను సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పెరిగాను. మా ఆవిడ హిందువు. బొట్టు, పూలు మానలేదు, కీర్తనలు మాత్రం నాకంటే బాగా పాడుతుంది. ఇక్కడ ఒక చర్చికి పోతే ప్రసంగం మధ్యలో పాస్టర్ గారు బొట్టు మీద పడ్డారు. ముందు వరుసల వాళ్లంతా తిరిగి చూశారు. "వచ్చే వారం నువ్వొక్కడివే పో" అంది. మతం మారమని టెన్షన్ పెట్టని సంఘాలు ఎక్కడున్నాయి? మీ దగ్గర కూడికలు ఎలా జరుగుతాయి?

జడ్చర్ల అన్న:
తమ్మీ, ఈ వైపు ఎక్కువగా ఎం.బి. సంఘాలే, అంటే మెన్నోనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవి. జడ్చర్ల, వనపర్తి, గద్వాల, దేవరకొండ అన్నీ పాత మిషన్ స్టేషన్లే. ఇక్కడ పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగినంక తనంతట తాను ఒప్పుకొని నీళ్లలో మునగాలి. సీఎస్ఐ 1947లో ఆంగ్లికన్, మెథడిస్ట్ తదితర సంఘాలు కలిసి ఏర్పడింది, అక్కడ పసివాళ్లకూ ఇస్తారు. కాబట్టి సభ్యత్వం అడిగితే మీ చిన్నప్పటి బాప్తిస్మం దగ్గర పేచీ రావచ్చు. ఊరికే వచ్చి కూర్చుంటే ఎవరూ ఏమనరు. బోర్డు మీది పేరు చూసి మాత్రం నిర్ణయించుకోకండి. ఒకే పేరున్న రెండు చర్చిల్లో రెండు తీర్లు చూశాను. అంతా పాస్టర్ని బట్టి, పెద్దలను బట్టి ఉంటుంది.

నల్గొండ అక్క:
మాది బాప్టిస్ట్ సంఘం. అన్నా, మనం చుట్టాలమే. 1890 ప్రాంతంలో నల్గొండలో పని మొదలుపెట్టిన ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్లు, మిషనేమో అమెరికన్ బాప్టిస్టులది.

బాబూ, ఆదివారం ఆరాధన చూసి సంఘాన్ని అంచనా వేయకండి. ఆ రోజు అందరూ బుద్ధిగానే ఉంటారు. వారం మధ్యలో ఇళ్లలో జరిగే కూడికకు పోయి చూడండి. మాది గురువారం సాయంత్రం, వారానికో ఇంట్లో. చాపలు పరిచి, ఒకరు వాక్యం చదివితే తలా ఒక మాట చెప్పాలి. పక్కింటి వాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. ఒకసారి బైబిల్లో యోబు గ్రంథం చివరి అధ్యాయం చదివాం. పిల్లలందరినీ పోగొట్టుకున్న యోబుకు దేవుడు మళ్లీ పదిమంది పిల్లలను ఇచ్చాడని వస్తుంది కదా. కొడుకును పోగొట్టుకున్న ఒక పెద్దమ్మ, ఆమె మా సంఘం మనిషి కూడా కాదు, "మళ్లా ఇచ్చిండు సరే, ముందు చచ్చిపోయిన పదిమంది సంగతేంది?" అంది. పాస్టర్ గారు కాసేపు ఆగి, "నాకూ తెలియదమ్మా" అన్నారు. తర్వాత చాలాసేపు ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు. చాయ్ వచ్చేదాకా ఆ పెద్దమ్మ కొడుకు గురించే మాట్లాడుకున్నాం. ఆమె ఇప్పటికీ వస్తుంది. బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటావని ఎవరూ అడగలేదు, అడగనివ్వం కూడా.

కోత పండుగకు కూడా రండి. కోళ్లు, సొరకాయలు, వడ్ల బస్తాలు కానుకగా తెచ్చి వేలం వేస్తారు. పోయినసారి ఒక సొరకాయ కోసం ఇద్దరు రిటైర్డ్ టీచర్లు పంతానికి పోయి కోడి ధర దాటించారు. మీ ఆవిడకు సంఘం ఎట్లాంటిదో ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది.

కల్వకుర్తి పోరడు:
ఎవరేం నమ్మినా సరే అంటే ఇక సంఘం ఎందుకు? క్లబ్బు పెట్టుకుంటే పోలే?

నల్గొండ అక్క:
నమ్మకం వదులుకోమని ఎవరన్నారు తమ్ముడూ? తలుపు తీసి పెట్టమన్నాం, అంతే.

వనపర్తి టీచర్:
చర్చి కాదు గానీ, ఆర్య సమాజం ఆదివారం సత్సంగం కూడా ఒకసారి చూడండి. 1875లో బొంబాయిలో దయానంద సరస్వతి మొదలుపెట్టింది. విగ్రహం ఉండదు, హోమం ఉంటుంది. ఆడవాళ్లు కూడా మంత్రం చదివి ఆహుతి వేస్తారు. మాది కులాంతర వివాహం, అక్కడే జరిగింది. పిల్లలకు మాత్రం ఉపన్యాసం బోర్.

కల్వకుర్తి పోరడు:
ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. సీఎస్ఐలో 2013లోనే పుష్ప లలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు. మా సంఘంలో ఆడవాళ్లకు ఇప్పటికీ కానుకల లెక్క చూపించరు. సంచి పట్టుకొని తిరిగేది వాళ్లే, లెక్కపెట్టేది మాత్రం మగవాళ్లు. దీనికేమంటారు?

మెదక్ బిడ్డ:
ఇది మా దగ్గరా ఉండేది.

జడ్చర్ల అన్న:
మా దగ్గర కొట్లాడి సాధించినం. నెల మొదటి ఆదివారం లెక్క పైకి చదువుతారు, కరెంటు బిల్లుతో సహా. చదివేది స్త్రీల కూటమి కార్యదర్శి. మీ పెద్దలకు కాగితం మీద రాసి, సభ్యులతో సంతకాలు పెట్టించి ఇవ్వు. నోటిమాటగా అడిగితే వచ్చే నెల, వచ్చే నెల అంటనే ఉంటరు.