జనవరిలో ట్రింకోమలీ వెళ్లవచ్చా?
మాది అమలాపురం దగ్గర పల్లె. జనవరి చివర్లో అమ్మతో ఎనిమిది రోజులు శ్రీలంక వెళ్తున్నాం. ఏటా ద్రాక్షారామంలో మాణిక్యాంబకు కుంకుమపూజ చేయించే అమ్మకు, అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవిని ట్రింకోమలీలో చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. అక్కడ కొట్టడానికి మా పెరటి కాయలు రెండు ఎంచి, పీచు తీయకుండా అటక మీద దాచింది కూడా.

చిక్కు వానతోనే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని తడుపుతాయి. నైరుతి తీరాన గాల్ (Galle) ఊరి వైపు మాత్రం పొడిగా ఉంటుంది. ఆ రోజుల్లో ట్రింకోమలీ వెళ్లినవారు చెప్పండి, రోజంతా ముసురేనా, మధ్యలో తెరిపి ఇస్తుందా? సిగిరియా కొండకోట మానుకున్నాం, సుమారు 1,200 మెట్లు అమ్మ మోకాళ్లకు కష్టం. క్యాండీ, నువర ఎలియ ఖాయం. ట్రింకోమలీకి రెండు రోజులు చాలా? విమానంలో కొబ్బరికాయలు తీసుకెళ్లనిస్తారా?