ఐటీఓ మీద పోర్ఫిరిన్ పొరలు పెంచితే ఫోటోకరెంటు తగ్గుతోంది, ఎందుకు?

ప్రశ్న (తార్నాక)
ఐటీఓ (కరెంటు పారే పారదర్శక పూత) గాజు మీద పీడీడీఏ (ధనావేశమున్న పాలిమర్), టీపీపీఎస్ (రుణావేశమున్న పోర్ఫిరిన్ రంగు) మార్చి మార్చి ముంచి పొరలు కడుతున్నాను. రెండూ ఒక్కోసారి ముంచితే ఒక జత. పీడీడీఏ 1 మి.గ్రా./మి.లీ., అందులో 0.5 మోలార్ ఉప్పు. టీపీపీఎస్ 0.1 మిల్లీమోలార్. ఒక్కో దాంట్లో 10 నిమిషాలు. 0.1 మోలార్ సోడియం సల్ఫేట్‌లో 50 మిల్లీమోలార్ ట్రైఇథనాలమీన్ (రంగుకి ఎలక్ట్రాన్లు ఇచ్చేది) కలిపి 0 వోల్టుల దగ్గర కొలిస్తే 4 జతలకి చదరపు సెం.మీ.కి 240 నానోఆంపియర్లు, 8 జతలకి 90. పైగా లైటు వేయగానే ఎగిరి, రెండు మూడు సెకన్లలో సగానికి పడిపోతోంది.

జవాబు 1
ముందు రంగు ఎక్కుతోందో లేదో తేల్చుకోండి. రెండేసి జతలకోసారి స్పెక్ట్రం తీసి సోరే శిఖరం (పోర్ఫిరిన్ కాంతిని అన్నిటికన్నా ఎక్కువ పీల్చే చోటు) ఎత్తు గ్రాఫు గీయండి. గీత వంగిందంటే పొర కట్టట్లేదు. టీపీపీఎస్ చిన్న అణువు, పాలిమర్‌లా పట్టుకుని కూర్చోదు. ఉప్పున్న పీడీడీఏలో మళ్ళీ ముంచగానే కొంత ఊడిపోతుంది. పీడీడీఏ బీకరుకి రంగు వచ్చిందా? దొంగ దొరికినట్టే. ఉప్పు 0.1 మోలార్‌కి దించి, 5 నిమిషాలే ముంచండి. కడగడం మూడు బీకర్లలో, డీఐ (అయాన్లు తీసేసిన) నీళ్ళతోనే. మన బోరు నీళ్ళు, క్యాన్ నీళ్ళు వద్దు. టీపీపీఎస్ పీహెచ్ 7 దగ్గర ఉంచండి. 5 కన్నా బాగా దిగితే అణువులు గుంపు కట్టి 490 నానోమీటర్ల దగ్గర కొత్త శిఖరం లేస్తుంది.

జవాబు 2
రంగు సరిగ్గా ఎక్కినా కరెంటు తగ్గొచ్చు. ఇలాంటి పొరల్లో ఎక్సైటాన్ (కాంతి పడగానే పుట్టే ఎలక్ట్రాన్-రంధ్రం జత) మహా అయితే పది నానోమీటర్ల ప్రాంతం వరకే నడుస్తుంది, పీడీడీఏ ఏమో కరెంటు పారనివ్వదు. పై పొరల్లో పుట్టిన ఎలక్ట్రాన్ ఐటీఓ దాకా రాదు. 1986లో టాంగ్ అనే శాస్త్రవేత్త ఆర్గానిక్ సౌరఘటంలో దాత (ఎలక్ట్రాన్ ఇచ్చే), గ్రహీత (తీసుకునే) పొరలు రెంటినీ ఆనించి సుమారు 1 శాతం సామర్థ్యం సాధించాడు. అక్కడా రెండూ కలిపి వంద నానోమీటర్ల లోపే.

ఆ ఎగరడం వేరే సంగతి. లైటు ఆపగానే కరెంటు కాసేపు వ్యతిరేక దిశకి పోతోందా? పోతే, రంగులో మిగిలిన ధనావేశాన్ని ట్రైఇథనాలమీన్ సమయానికి తీర్చట్లేదు. దాన్ని 0.1 మోలార్ చేయండి, పీహెచ్ 8కి పైనే ఉంచండి. 20 నిమిషాలు నత్రజని పంపండి, లేకపోతే ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు లాక్కుని మీ అంకెను తగ్గిస్తుంది.

జవాబు 3
ఖాళీ ఐటీఓ, పీడీడీఏ మాత్రమే పూసిన ఐటీఓ కూడా అదే ద్రావణంలో కొలిచారా? 420 నానోమీటర్ల కటాఫ్ ఫిల్టర్ (అంతకన్నా చిన్న తరంగాలను ఆపేది) లేకపోతే యూవీకి ఐటీఓనే కరెంటిస్తుంది. హాలోజెన్ దీపం వేడికీ కరెంటు గీత జరుగుతుంది, మధ్యలో వేడిని పీల్చే నీళ్ళ సెల్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు
పీడీడీఏ బీకరు లేత గులాబీ రంగులో ఉంది. ఉప్పు తగ్గించి మళ్ళీ కడతాను.

జవాబు 1
పాతది పారబోసి కొత్తది కలపండి. అందులో ఉన్న రంగు మళ్ళీ పొరలోకి చేరి లెక్క చెడగొడుతుంది.