మోసం చేసినవారి పేరు ఫేస్‌బుక్‌లో రాస్తే గీబత్ (పరోక్ష నింద) అవుతుందా?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. ఉమ్రాకు (మక్కా యాత్రకు) పంపిస్తానని మా కుటుంబం దగ్గర సొమ్ము తీసుకున్న ఒక ఏజెంటు, వీసాలు రాకపోయినా దానిని తిరిగి ఇవ్వడం లేదు. మరొకరు మోసపోకుండా అతని పేరు ఫేస్‌బుక్‌లో రాద్దామంటే, నిజమే అయినా అది గీబతేనని జమాత్ పెద్దలు వారిస్తున్నారు. షరీఅత్ ప్రకారం నేను నోరు మూసుకోవలసిందేనా?

జవాబు 1: వ అలైకుముస్సలామ్. పెద్దల మాట సగం వరకే నిలుస్తుంది. సహీహ్ ముస్లిం గ్రంథంలోని హదీసు (ప్రవక్త మాట) ప్రకారం సోదరునిలో ఉన్న లోపాన్ని అతని వెనుక చెప్పుకోవడం గీబత్, లేనిదాన్ని అంటగట్టడం అపనింద. కాబట్టి నిజమన్నంత మాత్రాన అనుమతి దొరకదు. అయితే ఖుర్‌ఆన్‌లోని అన్నిసా సూరా (అధ్యాయం) 148వ ఆయతు (వాక్యం), చెడుమాట బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదంటూనే, అన్యాయానికి గురైనవారిని మినహాయించింది. భర్త అబూ సుఫ్యాన్ పిసినారి అని, ఇంటికి చాలినంత ఇవ్వడని హింద్ ఫిర్యాదు చేసినప్పుడు ప్రవక్త (స) ఆమెను మందలించలేదు, న్యాయంగా సరిపడినంత తీసుకొమ్మన్నారు. గీబత్‌కు అనుమతి ఉన్న ఆరు సందర్భాలను ఇమామ్ నవవీ తన హదీసు సంకలనం రియాజుస్సాలిహీన్‌లో చెప్పారు. అన్యాయంపై మొరపెట్టుకోవడం, ప్రజలను హెచ్చరించడం వాటిలో ఉన్నాయి.

జవాబు 2: తొందరపడకండి భాయ్. నవవీ చెప్పిన మొర పాలకుడు, కాజీ వంటి న్యాయం చేయగలవారి ముందు పెట్టుకునేది. ఫేస్‌బుక్‌లో చదివే అపరిచితులకు ఆ అధికారం లేదు. మీ పోస్టు హెచ్చరికగానే నిలబడాలి గనుక రసీదు, తేదీలు, అతనిచ్చిన సమాధానం వరకే రాయండి. అతని ఇంటి సంగతులో నమాజు సంగతో ఎత్తారంటే హద్దు దాటినట్టే. ఇతరులు పంపిన ఆరోపణలను విచారించకుండా జోడించకండి. హుజురాత్ సూరా 6వ ఆయతు కోరేది అదే.

జవాబు 3: భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కూడా పరువునష్టం విషయంలో నిజంతో పాటు ప్రజాప్రయోజనాన్ని అడుగుతుంది, కాబట్టి ముందు పోలీసులకో వినియోగదారుల కమిషన్‌కో ఫిర్యాదు చేయండి. అది కదలకపోతే బహిరంగంగా రాయడం తప్పని నేను అనుకోను. గీబత్ పేరుతో నోరు మూయించబడేది ఎప్పుడూ సొమ్ము పోగొట్టుకున్నవారే కావడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న అడిగినవారు: ఫిర్యాదు తర్వాతే రాస్తాను. సొమ్ము తిరిగి ఇచ్చేస్తే పోస్టు తీసేయాలా?

జవాబు 2: మీ ఒక్కరి బాకీయే అయితే తీసేయండి, అవసరం తీరాక మిగిలేది గీబతే. ఇంకా ఇతరుల దగ్గర అలాగే వసూలు చేస్తుంటే మాత్రం, మీ సొమ్ము ముట్టిందని అందులోనే చేర్చి హెచ్చరికను ఉంచవచ్చు.