పాత గోవా సెయింట్ అగస్టీన్ మఠం: ఆ ఒక్క గోపురమే ఎందుకు మిగిలింది?

ప్రశ్న:
పోయిన వారం పాత గోవా వెళ్లాం. బామ్ జీసస్ చర్చి చూసి పక్కనున్న గుట్ట ఎక్కితే, మొండి గోడల మధ్య సగం విరిగిన గోపురం ఒకటి కనిపించింది. 1602లో పూర్తయిన చర్చట. కింద ఉన్న బామ్ జీసస్ కూడా ఇంచుమించు ఆ కాలానిదే, అయినా చెక్కుచెదరలేదు. పోర్చుగీసువాళ్లే దీన్ని కూల్చేశారని మాతో వచ్చినాయన అన్నారు. నిజమేనా?

జవాబు 1:
కూల్చలేదండీ, వదిలేశారు. 1572లో గోవా వచ్చిన అగస్టీన్ సన్యాసుల మఠం అది. 1835లో ప్రభుత్వం సన్యాసులను పంపించేసింది. ఏడేళ్లకే, 1842లో, చర్చి కమాను పైకప్పు కూలింది. 1931లో ముందు గోడ, గోపురంలో సగం పడిపోయాయి. 46 మీటర్ల ఎత్తున్న గోపురంలో మీరు చూసింది ఆ మిగిలిన సగమే.

నేను నాలుగుసార్లు వెళ్లాను. ప్రతిసారీ విరిగిన గోడ అంచు దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. ఎర్రటి లాటరైట్ రాయి, నిండా చిల్లులే. నీళ్లు పీల్చేస్తుంది. అందుకే పైన సున్నం పూత వేసేవారు. ఆ పూత ఎప్పటికప్పుడు వేస్తూ ఉండాలి. కప్పు పోయాక గోవా వాన నేరుగా గోడల లోపలికే దిగుతుంది.

బామ్ జీసస్ కూడా లాటరైటే. దాన్ని నడిపిన జెసూట్లను (వాళ్లూ క్రైస్తవ సన్యాసులే) 1759లోనే వెళ్లగొట్టారు. కానీ లోపల క్రైస్తవ సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉంది కాబట్టి జనం రావడం ఆగలేదు, మరమ్మతులూ ఆగలేదు. దాని పూత 1950లలో తీసేశారు. నాకు ఇప్పుడు అదే టెన్షన్.

జవాబు 2:
ఈసారి వెళ్తే ఆ మఠంలో సన్యాసుల సభామందిరం ఉన్న చోటు తప్పక చూడండి. ఇరాన్‌లో 1624లో చంపేసిన జార్జియా రాణి కెటెవాన్ అస్థికలను సన్యాసులు తెచ్చి అక్కడ దాచారు. తవ్వకాల్లో దొరికిన ఎముక ఆమెదేనా అని మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో డీఎన్ఏ పరీక్ష చేశారు. ఆమెదే అయ్యుండాలని తేలాక, 2021లో భారత్ దాన్ని జార్జియాకు అప్పగించింది. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. మరి గోపురంలో గంట ఏమైంది?

జవాబు 1:
భద్రంగా ఉందండీ. 1871 నుంచి పణజిలో, తెల్లటి మెట్లున్న చర్చిలో వేలాడుతోంది. పూజ వేళకు వెళ్తే వినొచ్చు.